నమాజుకు గడియారం, జకాతుకు అందాజా

రమజాను నెల దగ్గరపడిందంటే మన ఇళ్ళల్లో గోడమీదికి సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక చేరుతుంది. సూర్యాస్తమయానికి ఒక్క నిమిషం ముందు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే రోజా పోతుందని ఏడేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. జుమా నమాజుకు ఎన్ని గంటలకు ఖుత్బా మొదలవుతుందో దుకాణం మూసే కుర్రవాడికి తెలుసు. హజ్‌కు వెళ్ళేవారు ఎహ్రాం ఎక్కడ కట్టాలో నెలల ముందు నుంచే నేర్చుకుంటారు. ఇదంతా సంతోషించదగిన విషయమే. కాని జకాత్ మాట వచ్చేసరికి మన నోట ఒక్కటే మాట వస్తుంది: “ఏదో అందాజాగా ఇస్తున్నాం.”

అందాజాగా నమాజు చేస్తామా? ఈ పూట నాలుగు రకాతుల బదులు సుమారుగా మూడు చేశామని ఎవరైనా అంటే ఊరంతా నవ్వుతుంది. మరి అదే ఫర్జ్, అదే కలిమా చదివిన నోరు, అదే అల్లాహ్ ఆజ్ఞ. లెక్క ఒకదానికి ఉండి మరొకదానికి లేకపోవడం ఏమి న్యాయం?

మేము ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాము. పెద్దలు కూడా వచ్చి మసలాలు అడుగుతుంటారు. వజూ చేశాక గోరింటాకు పెట్టుకోవచ్చునా, రోజాలో సూదిమందు వేయించుకోవచ్చునా, ప్రయాణంలో ఖస్ర్ ఎన్ని రోజులు అని అడుగుతారు. తన దగ్గరున్న సొమ్మంతా చెప్పి, దీనిమీద జకాత్ ఎంత అవుతుందో లెక్కగట్టి ఇవ్వండి అని అడిగేవారు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. వారిలోనూ ఒకరు మధ్యలో ఆగి, “అది లెక్కలోకి రాదు లెండి మౌల్సాబ్” అని తమకు తామే ఫత్వా ఇచ్చుకుంటారు.

దివ్య ఖుర్ఆన్‌లో నమాజు ప్రస్తావన వచ్చిన అనేక చోట్ల వెంటనే జకాత్ ప్రస్తావన కూడా ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పరమపదించిన తర్వాత కొన్ని తెగలవారు నమాజు చేస్తాము గాని జకాత్ ఇవ్వము అన్నారు. అది హిజ్రీ 11, అంటే క్రీ.శ. 632 నాటి సంగతి. కలిమా చదివినవారితో యుద్ధమేమిటని హజ్రత్ ఉమర్ (రజి) మొదట సందేహించినా, హజ్రత్ అబూబక్ర్ (రజి) వెనుకడుగు వేయలేదు. నమాజును జకాతును విడదీసే అధికారం ఎవరికీ లేదన్నది ఆయన నిర్ణయం. ఆనాటి ఆ తెగలవారు నోరు తెరిచి చెప్పారు. మనం చెప్పకుండా చేస్తున్నాము.

జగిత్యాల జిల్లాలోని మా మల్లాపూర్ ప్రాంతాన్నే తీసుకుందాం. ఇటు మెట్‌పల్లి, కోరుట్ల, అటు గోదావరి. ముస్లిం కుటుంబాలలో కొద్దిపాటి పొలం ఉన్నవారు, కుట్టుపని చేసేవారు, తాపీపనివారు, డ్రైవర్లు, చిన్న దుకాణాలవారు. ఇంటిపట్టున ఉన్న ఆడవారిలో అనేకమంది తునికాకు, తంబాకు ముందేసుకుని బీడీలు చుట్టేవారే. ఇంటికొకరో, రెండిళ్ళకొకరో దుబాయి, సౌదీ, మస్కట్‌లలో ఉంటారు. ఈ సొమ్మంతా పెద్ద సొమ్ము కాదని మనం అనుకుంటాము. జకాత్ అంటే హైదరాబాదు సేట్ల వ్యవహారమని ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అసలు పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

పాత మసలాల పుస్తకాలలో బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని ఉంటుంది. చాలామంది ఇది కంఠస్థం చేసినవారే. కాని ఆ పుస్తకాలు రాసిననాటి తులం 11.66 గ్రాములు. నేడు మెట్‌పల్లిలో గాని కోరుట్లలో గాని కంసాలి చెప్పే తులం పది గ్రాములు. కనుక పుస్తకంలోని ఏడున్నర తులాలు అంటే 87.48 గ్రాములు, బజారు లెక్కన దాదాపు ఎనిమిదీ ముప్పావు తులాలు. వెండి యాభై రెండున్నర తులాలంటే 612 గ్రాముల పైచిలుకు, అంటే బజారు లెక్కన అరవై ఒక్క తులాలు. ఈ తేడా తెలియక కొందరు తమ మీద లేనిదాన్ని ఉన్నదనుకుంటారు. అది నష్టం లేని పొరపాటు. దానికి ఎదురు పొరపాటు ఒకటుంది, అదే మన ఊళ్ళల్లో ఎక్కువ.

“మా ఇంట్లో అయిదు తులాలే ఉంది, ఏడున్నర లేదు, కనుక జకాత్ లేదు” అంటారు. ఇంట్లో బంగారం తప్ప మరే సొమ్మూ లేకపోతే ఆ మాట నిజమే. కాని బంగారంతో పాటు కొంత నగదు, కొంత వెండి, కొంత వ్యాపారపు సరుకు ఉన్నప్పుడు హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం అన్నింటి విలువా కలపాలి. కలిపిన మొత్తం 612 గ్రాముల వెండి ధరకు చేరితే జకాత్ విధి అవుతుంది. వెండి నిసాబ్ విలువ బంగారు నిసాబ్ విలువకంటే ఎంతో తక్కువ. అయిదు తులాల బంగారం ధర ఒక్కటే దాన్ని దాటిపోతుంది. పక్కన బ్యాంకులో కొద్ది రూపాయలు ఉంటే చాలు, ఆ ఇల్లు సాహెబె నిసాబ్ ఇల్లే.

ఒంటిమీద పెట్టుకునే నగలకు జకాత్ లేదనే మాట కూడా వినిపిస్తుంది. షాఫయీ, మాలికీ, హంబలీ ఇమాములు వాడుకునే నగలను మినహాయించారన్నది వాస్తవం. కాని మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలము. హనఫీలలో నగ పెట్టెలో ఉన్నా మెడలో ఉన్నా ఒకటే. కూతురి చేతులకు బరువైన బంగారు కడియాలు వేసి తీసుకొచ్చిన ఒక స్త్రీని ప్రవక్త (సఅసం) వాటి జకాత్ ఇస్తున్నావా అని అడగగా, లేదని తెలిసి హెచ్చరించగా, ఆమె అక్కడికక్కడే వాటిని తీసి ఇచ్చివేసిన సంఘటన అబూ దావూద్‌లో ఉంది. పన్నెండు నెలలూ హనఫీగా ఉండి నగల లెక్క దగ్గర మాత్రం షాఫయీగా మారిపోవడం ఇమాములను గౌరవించడం కాదు.

మరి ఇచ్చేది ఎంత? నలభయ్యింట ఒక భాగం. ఇరవై తులాలు ఉన్న ఇల్లాలు ఏడాదికి అర తులం విలువ ఇవ్వాలి. పదేళ్ళు ఇవ్వకుండా ఊరుకుంటే, ఏటా అప్పు తీసివేసి లెక్కగట్టినా, సుమారు నాలుగున్నర తులాలు పేదవాడివి ఆమె బీరువాలో ఉన్నట్లు. ఆ నగలు వేసుకుని ఆమె ఏ పెళ్ళికి పోయినా ఆ నాలుగున్నర తులాలూ వెంట పోతాయి. ఇక్కడ ఇంకో మాట. నగలు ఎవరివో జకాత్ వారిమీదే. భర్త దుబాయిలో ఉన్నాడు, ఆయనే చూసుకుంటాడు అని ఇల్లాలు, ఆ నగలు ఆమె పుట్టింటివి, నాకేం సంబంధమని భర్త. ఇద్దరి మధ్యా ఫర్జ్ పడిపోతున్నది. ఆమె అనుమతితో ఆయన ఇవ్వవచ్చు, ఇస్తే మంచిదే. కాని అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పవలసింది సొమ్ము ఎవరిదో వారే.

ఇక్కడ మాకూ ఒక సంకోచం ఉన్న మాట దాచము. భర్త పోయిన ఒక బీడీ కార్మికురాలు తన కూతురి పెళ్ళికని నాలుగు తులాలు కూడబెట్టింది. రోజంతా చాట ముందు కూర్చుంటే వచ్చే కూలి ఎంతో ఈ పేజీ చదివే ఆడవారికి మేము చెప్పనక్కరలేదు. వెండి లెక్కన చూస్తే ఆమె జకాత్ ఇవ్వవలసిన మనిషి. అంతేకాదు, ఇతరుల జకాత్ పుచ్చుకోవడానికి కూడా ఆమె అర్హురాలు కాదు. కలిపి లెక్కించేటప్పుడు వెండిని పట్టాలా బంగారాన్ని పట్టాలా అని ఈ కాలపు ఉలమా మధ్య చర్చ జరుగుతున్నదంటే ఇలాంటి ఇళ్ళ కోసమే. ఆ బంగారాన్ని చిన్నపిల్ల పేర నిజంగానే ఇచ్చేస్తే, ఆ పిల్ల యుక్తవయస్సు వచ్చేదాకా హనఫీలలో దానిమీద జకాత్ లేదు. అయితే ఇచ్చాక అది పిల్లదే, తల్లి అవసరానికి కుదువ పెట్టరాదు. మా ఉద్దేశంలో ఆమె ఇచ్చేది ఏడాదికి ఒక గ్రాము. ఆ గ్రాము ఆమెకు భారమే. కాని ఆమెను చూపించి ఇరవై తులాలవారు తప్పించుకోవడం మాత్రం మేము ఒప్పుకోము. పైగా మేము చూసినంతలో, లెక్క కోసం పాస్‌బుక్ చేతపట్టుకుని వచ్చేది ఎక్కువగా ఇలాంటి ఆడవారే.

లెక్కలోకి రానిది అనుకునే సొమ్ము చాలా ఉంది. చిట్టీలో ఇంతవరకూ కట్టిన డబ్బు మనదే, అది వస్తుంది. చేబదులు ఇచ్చి తిరిగి వస్తుందని నమ్మకమున్న బాకీ వస్తుంది. ఉండే ఇల్లు, ఎక్కే మోటారుసైకిలు, కుట్టుమిషను రావు. అద్దెకిచ్చిన ఇంటి విలువ రాదు, అద్దెలో మిగిలిన డబ్బు వస్తుంది. ధర పెరిగాక అమ్ముదామని కోరుట్లలోనో జగిత్యాలలోనో కొన్న ప్లాటు మాత్రం వ్యాపారపు సరుకుతో సమానం, ఏటా దాని బజారు ధరమీద ఇవ్వాలి. గల్ఫ్ సొమ్ము చాలావరకూ నేడు ఈ ప్లాట్లలోనే ఉంది. జకాత్ లేనిదీ వాటికే.

ఏడాది అంటే హిజ్రీ ఏడాది. మార్చి నెలాఖరున దుకాణం లెక్కలు చూసుకుని జకాత్ తీసేవారు ఉన్నారు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు. ఇంగ్లీషు తేదీతో పోతే ఏడాదికి పదకొండు రోజుల చొప్పున జరిగి, ముప్పై మూడేళ్ళకు ఒక పూర్తి ఏడాది జకాత్ గాలిలో కలిసిపోతుంది. షాబాన్ అయినా, రజబ్ అయినా, రమజాను అయినా ఒక తేదీ పెట్టుకుని ఆ తేదీనే లెక్క చూసుకోవడం తప్ప మార్గం లేదు.

పంటల విషయం క్లుప్తంగా చెబుతాము. వాననీటి పంటకు పదింట ఒకటి, బావి, బోరు, ఖర్చుతో కూడిన నీటి పంటకు ఇరవయ్యింట ఒకటి. మా వైపు వరి, పసుపు దాదాపు రెండవ లెక్కలోకే వస్తాయి. నలభై క్వింటాళ్ళ వడ్లకు రెండు క్వింటాళ్ళు. ఏడాది నిండనక్కరలేదు, పంట చేతికొచ్చిన రోజే. హిందుస్తాన్ భూములు ఉష్ర్ కిందికి వస్తాయా అన్న పాత చర్చ ఉన్న మాట నిజమే గాని, ఆ చర్చ ఏమిటో తెలియనివారు కూడా దాని చాటున దాక్కోవడం చూస్తే నవ్వు వస్తుంది.

లెక్క ఎంత ముఖ్యమో ఇచ్చే చోటు అంత ముఖ్యం. సూరె తౌబా 60వ ఆయత్ జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అందులో పేదలున్నారు, అప్పులపాలైనవారున్నారు, దారిలో చిక్కుకున్న బాటసారి ఉన్నాడు. మసీదు గోడలు లేవు. పేదవాడి చేతికి సొంతంగా అందితేనే జకాత్ తీరుతుందని హనఫీ ఫుఖహా నిర్ణయం. గల్ఫ్ నుంచి “ఇది నా జకాత్, మసీదులో పాలరాయి వేయించండి” అని డబ్బు పంపే సోదరులకు ఎవరైనా మెత్తగా చెప్పాలి. పాలరాయి పడుతుంది, ఫర్జ్ అలాగే మిగులుతుంది. మసీదుకు ఇవ్వవద్దని మేము అనడం లేదు. అది వేరే జేబులోంచి ఇవ్వాలి. ఇమాం సాబ్ జీతం కూడా జకాత్‌లోంచి జీతంగా ఇవ్వడానికి వీల్లేదు.

మదరసాల సంగతి చెప్పకుండా దాటవేస్తే మా వారిని కాపాడుకున్నట్లు అవుతుంది. మేమూ మదరసా అన్నం తిన్నవాళ్ళమే. రసీదు పుస్తకం పట్టుకుని ఎండలో ఊరూరా తిరిగినవాళ్ళమే. పేద విద్యార్థుల తిండికీ బట్టకూ జకాత్ ఇవ్వడం శ్రేష్ఠమైన పని. కాని వసూలు చేసినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకుని వచ్చే వసూలుదారుకు, ఆ మదరసా ఎక్కడుందో పిల్లలెంతమందో అడగకుండా ఇవ్వడం మంచిది కాదు. అడిగితే నిజమైన మదరసావాడు నొచ్చుకోడు.

ఇక “జకాత్ చీరలు”. రమజానులో బట్టల దుకాణాలవారు ఈ పేరుతోనే కట్టలు కట్టి పెడతారు. ఆ బట్టను కొనే ఇల్లాలు తాను కట్టుకోదు. ఇంటి ముందు ఇరవై ఏడో రాత్రి దాకా వరుసలో నిలబడిన ఆడవారికి ఒక్కొక్క చీర, ఒక్కొక్క యాభై నోటు. పేదలకే అందింది గనక జకాత్ తీరిందనే అనాలి. కాని వరుసలోని ఆమెకు ఆ నెల బియ్యం కావాలా, కొడుకు ఫీజు కావాలా, మందులు కావాలా అని ఎవరూ అడగలేదు. పది గడపల ముందు చేయి చాచి ఆమె ఇంటికి తీసుకుపోయింది పది పలుచని చీరలు. చేయి చాచలేనివారు ఆ వరుసలో ఉండనే ఉండరు. 2015 చివర్లో మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. నెల జీతం మీద గౌరవంగా బతికిన ఇళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. నిన్నటిదాకా ఇచ్చిన చేయి మరునాడు వరుసలో చాచుతుందా? అలాంటి ఇంటికి మనమే పోవాలి. ఇది జకాత్ అని నోటితో చెప్పాలన్న నియమం లేదు. ఇచ్చేవాడి మనసులో నియ్యత్ ఉంటే చాలు, పుచ్చుకునేవాడికి అది ఈదీ అని చెప్పినా తీరిపోతుంది. తల్లిదండ్రులకు, తాత నానమ్మలకు, పిల్లలకు, మనుమలకు, భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకోరాదు. తమ్ముడికి, అక్కకు, ఖాలాకు, మామూకు ఇవ్వవచ్చు, వారు పేదలైతే వారికే ముందు ఇవ్వాలి. ఊరిలోని ఇతర మతాల పేదలకు జకాత్ వర్తించదని అత్యధిక ఉలమా అంటారు. కాని సదఖాకు ఆ హద్దు లేదు. పక్కనే కూర్చుని బీడీలు చుట్టే పొరుగావిడ ఆకలి మన ఆకలే.

అన్నింటికంటే మా మనసును తొలిచే విషయం అప్పు. మా వైపు గల్ఫ్‌కు పోయే పిల్లవాడు ముందుగా అప్పుతో పోతాడు. వీసాకు, ఏజెంటుకు, టిక్కెట్టుకు కలిపి మూడు లక్షలు తెచ్చాడనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు తొమ్మిది వేలు మిత్తికే పోతుంది. అక్కడ ఎండలో ఇనుప కడ్డీలు మోసి పంపిన డబ్బులో ఎక్కువ భాగం ఊళ్ళో అప్పిచ్చినవాడి గడప దాటి ఇంటికి రాదు. కంపెనీ మూతపడినా, ఒంట్లో బాగాలేక తిరిగొచ్చినా అసలు అలాగే ఉంటుంది. మిత్తి హరాం అని మేము మింబరు మీద నుంచి చెబుతాము. ఆ పిల్లవాడు కింద కూర్చుని తల వంచుకుని వింటాడు. అతడికి ఇంకో దారి చూపించామా? అప్పుల్లో మునిగినవాడిని ఖుర్ఆన్ పేరుపెట్టి జకాత్ హక్కుదారుల్లో చేర్చింది. ఇరవై ఇళ్ళవారు తలా పదిహేను వేలు కలిపితే ఆ మూడు లక్షలు ఒకే రోజు తీరిపోతాయి. అదే డబ్బు చీరలైతే ఎన్ని చీరలో లెక్కపెట్టుకోండి.

కలిపి ఇవ్వడం కొత్త విషయం కాదు. హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ ప్రవక్త (సఅసం) చెప్పిన పద్ధతే అది: అక్కడి కలిగినవారి దగ్గర తీసుకుని అక్కడి లేనివారికే పంచడం. హైదరాబాదులో 1992లో ఏర్పడిన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ ఇలా చేర్చిన సొమ్మును పేద పిల్లల చదువుకు వెచ్చిస్తున్నది. ప్రభుత్వం బలవంతంగా వసూలు చేస్తే ఏమవుతుందో పొరుగున పాకిస్తాన్‌లో చూశాము. 1980లో అక్కడ బ్యాంకు ఖాతాల నుంచి రమజాను మొదటి తేదీన కోత మొదలుపెడితే, జనం ముందురోజే డబ్బు తీసుకోవడం నేర్చుకున్నారు. మన దేశంలో ఆ కోత లేదు, అడిగేవాడు లేడు. మల్లాపూర్ వంటి చోట నమ్మకస్తులైన నలుగురు కూర్చుంటే చాలు. ఒకే షరతు, పుచ్చుకున్నవారి పేరు మసీదు బోర్డుమీద రాకూడదు. ఇచ్చినవారి పేరు రాకపోతే ఇంకా మంచిది.

మూడుసార్లు ఉమ్రా చేసి వచ్చిన ఒక సోదరుడు మాతో, “నాలుగోసారి పోదామనుకుంటున్నాను, దుఆ చేయండి” అన్నారు. ప్లాట్ల జకాత్ ఇచ్చారా అని అడిగాము. ఆయన మాట మార్చారు. మాకు దుఆ చేయడానికి అభ్యంతరమేమీ లేదు, చేశాము.

ఇంతా చెప్పాక మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా ఇంటావిడకు ఏడు తులాల బంగారం ఉంది, డెబ్భై గ్రాములు. నిసాబ్‌కు తక్కువ గదా అని మేము ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉన్నాము. పిల్లలకు ఈ మసలా చెబుతూ చెబుతూ ఒక రమజానులో ఇంటికొచ్చి, నీ దగ్గర రొక్కం ఏమైనా ఉందా అని మొదటిసారి అడిగాము. ఆమె బియ్యం డబ్బా వెనక నుంచి ఒక రేకు డబ్బా తీసి ముందు పెట్టింది. జాకెట్లు కుట్టగా మిగిలిన డబ్బు. పదకొండేళ్ళుగా అందులో ఏదో ఒకటి ఉంటూనే ఉన్నదట. “మీరు అడగలేదు, నేను చెప్పలేదు” అన్నది.

ఆ రాత్రి ఇద్దరమూ కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాము. డబ్బా డబ్బు కాక, బంగారం మీదనే పదకొండేళ్ళ బాకీ పదిహేడు గ్రాములు తేలింది. గ్రాము ధర ఆనాటిది కాదు, ఇచ్చే రోజుది కట్టాలి. ఒకేసారి ఇచ్చే స్తోమత మాకు లేదు. ఆమె తన గాజుల్లో ఒక జత తీసి మెట్‌పల్లిలో తూకం వేయించి అమ్మింది. మిగిలింది నెలనెలా ఇస్తున్నాము. ఇంకా అయిదు గ్రాములు ఉంది.